మూడో మనిషికి జాగ లేదు

బస్వరాజన్న ప్యాంట్లన్నీ ఎడమవైపే చిరిగేవి. కుడివైపు బట్ట కొన్ననాటిలాగే ఉండేది, ఎడమవైపు మాత్రం పలచబడి చర్మం కనిపించేది. మా గల్లీ చివర బట్టలు కుట్టే ఆయన ఈ సంగతి కనిపెట్టి, కొత్త ప్యాంటు కుట్టేటప్పుడే ఆ పక్క లోపల ఇంకో ముక్క వేసేవాడు. ఎందుకంటే బస్వరాజన్న ఇరవై ఎనిమిదేళ్ళు షేర్ ఆటో నడిపింది సగం సీటు మీదే. డ్రైవరు సీటు మీద ఆయనకు ఎడమ పక్కన ఇద్దరు మగవాళ్ళు కూర్చునేవారు. ఆయన కుడి అంచున ఒక పిర్ర సీటు మీద, ఇంకో పిర్ర గాలిలో పెట్టుకుని, జహీరాబాద్ నుంచి ఝరాసంగం, ఝరాసంగం నుంచి జహీరాబాద్, రోజుకు ఆరేడు సార్లు తిరిగేవాడు.

ఆ మనిషి మొన్న దసరా దాటాక ఒక స్పోర్ట్స్ కారు కొన్నాడు. రెండు తలుపులు, రెండే సీట్లు, మీట నొక్కితే ముడుచుకుని వెనక్కి పోయే పైకప్పు. కొత్తది కాదు, పన్నెండేళ్ళు వాడిన బండి. ముదురు పచ్చ రంగు. అదే డబ్బుకు మెరిసిపోయే కొత్త హ్యాచ్‌బ్యాక్ వచ్చేది. ఐదుగురు కూర్చోవచ్చు, డిక్కీలో రెండు బియ్యం బస్తాలు పడతాయి, మైలేజీ బాగుంటుంది. ఈ మాట మా గల్లీలో ప్రతి ఒక్కరూ నాకు చెప్పారు, నేనేదో ఆయన్ని చెడగొట్టినట్టు. నేను చెడగొట్టలేదు. కానీ నేను ఆయన పక్షమే. ముందే చెప్పేస్తున్నాను, ఇందులో రెండు వైపులా తూచి చెప్పేదేమీ ఉండదు.

నా పేరు నందిని. ఝరాసంగం బడిలో టీచర్ని. జహీరాబాద్‌లో బస్వరాజన్న ఇంటికి మూడిళ్ళ అవతల అద్దెకుంటాను. పన్నెండేళ్ళు ఆయన ఆటోలోనే బడికి పోయాను కాబట్టి ఆయన వీపు, మెడ, చెవుల వెనక నెరిసిన వెంట్రుకలు నాకు బాగా తెలుసు. ముఖం చూసింది తక్కువ.

షేర్ ఆటో ఎక్కనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఆటో నిండింది అనే మాట మా రూట్లో లేదు. వెనక సీటు మీద నలుగురు, వాళ్ళకెదురుగా చెక్క మీద నలుగురు, వెనక తలుపు తీసి కాళ్ళు వేలాడేసుకుని ముగ్గురు, ముందర డ్రైవరుతో కలిపి ముగ్గురు. పద్నాలుగు మంది అయ్యాక కూడా దారిలో ఎవరైనా చెయ్యి ఎత్తితే ఆయన కాలు బ్రేకు మీదికి పోయేది. వెనక్కి తిరగకుండానే "జర జరుగున్రి" అనేవాడు. మేం జరిగేవాళ్ళం. ఎక్కడికి జరిగేవాళ్ళమో దేవుడికెరుక, కానీ పదిహేనో మనిషికి చోటు దొరికేది. ఇంట్లో కన్నడం, ఆటోలు ఆగే అడ్డాలో ఉర్దూ, మాతో తెలుగు మాట్లాడే మనిషి ఆయన. ఏ భాషలోనైనా ఆయన నోట ఎక్కువ విన్నది ఆ జరగమనే మాటే.

అడ్డాలో ఒక రివాజు ఉంది. డ్రైవరు పెళ్ళాం దగ్గర ఏ డ్రైవరూ కిరాయి తీసుకోడు. వినడానికి ఎంత మర్యాదగా ఉందో చూడండి. కానీ కిరాయి ఇవ్వని మనిషి, కిరాయి ఇచ్చే మనిషి వస్తే దిగాలి. ఇది ఎవరూ పైకి చెప్పరు. డ్రైవరు అద్దంలో ఒకసారి చూస్తాడు, ఆమె దిగుతుంది.

ఎనిమిదేళ్ళ కిందట ఒక సోమవారం బస్వరాజన్న భార్య మహాదేవమ్మ ఝరాసంగం గుడికి బయల్దేరింది. సోమవారాలు ఒక్క పొద్దు ఉంటుందామె. అందరికంటే ముందే వచ్చి వెనక సీటులో ఒక మూల కూర్చుంది, ఒళ్ళో సంచి, అందులో టెంకాయ, పూలు. ఆ రోజు మా బడికి తనిఖీ అధికారులు వస్తున్నారు. నేను ఆలస్యంగా పరిగెత్తుకుంటూ వచ్చేసరికి ఆటో కిక్కిరిసి ఉంది. బస్వరాజన్న అద్దంలో చూశాడు. మహాదేవమ్మ సంచి సర్దుకుని దిగింది.

"మీరు కూసోన్రి టీచరమ్మా. నేను ఎనక బండ్ల వస్త" అంది.

నేను కూర్చున్నాను. సిగ్గుపడ్డాను, అయినా కూర్చున్నాను. బడికి టైముకు చేరాను. ఆ వెనక బండిలో కూడా ఆమెను దింపారని, దాని వెనక బండిలో కూడా దింపారని, ఉపవాసంతో ఉన్న మనిషి మధ్యాహ్నం దాటాక గానీ గుడి చేరలేదని నాకు సాయంత్రం తెలిసింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఆ రాత్రి మా ఇంట్లో గిన్నెల మీద చూపించాను. మహాదేవమ్మ మాత్రం మర్నాడు నన్ను చూసి మామూలుగానే నవ్వింది. ఆ నవ్వు చూసి, ఈమెకు ఇవన్నీ పట్టవులే అనుకున్నాను. చదువుకున్నదాన్ని, ఎంత తేలిగ్గా అనుకున్నానో.

ఇక కారు సంగతి. మహాదేవమ్మ పుట్టిల్లు చిరాగ్‌పల్లి, బొంబాయి హైవే పక్కనే. ఒక వేసవిలో బస్వరాజన్న అత్తగారి చేను చూడడానికి పోతే, రోడ్డు పక్కన ఒక చిన్న కారు పొగలు కక్కుతూ ఆగి ఉంది. నేలకు ఆనుకుని ఉన్నట్టుండే కారు. హైదరాబాద్ నుంచి వచ్చిన ముసలి డాక్టరు పక్కన నిలబడి ఉన్నాడు. బస్వరాజన్న బానెట్ ఎత్తించి చూసి, తెగిన రబ్బరు పైపుకు తన ఆటోలో ఉన్న పైపు ముక్క కోసి క్లిప్పులు బిగించాడు, బోరు నుంచి నీళ్ళు తెచ్చి పోశాడు. డాక్టరు డబ్బులివ్వబోతే వద్దన్నాడట. అయితే నువ్వే కాస్త దూరం నడిపి చూడు అని డాక్టరు తాళం చేతిలో పెట్టాడు.

ఆ ప్రయాణం ఆయన నాకు కనీసం నలభై సార్లు చెప్పి ఉంటాడు. మొగుడంపల్లి దారి మలుపు దాకా పోయి తిరిగొచ్చాడు, అంతే. స్పీడు గురించి ఎక్కువ చెప్పడు. చెప్పేది ఒకటే, తలుపు తీసి తొంగి చూసి డాక్టరును తనడిగిన ప్రశ్న.

"మిగిలినోళ్ళు ఏడ కూసుంటరు సార్?"

మిగిలినవాళ్ళు కూర్చోరు అన్నాడట డాక్టరు. ఇది చెప్పేటప్పుడు బస్వరాజన్న ఆటో హ్యాండిల్ వదిలేసి రెండు చేతులూ గాలిలో ఆడించేవాడు, వెనక ఉన్న మాకు ప్రాణాలు పోయేవి. మిగిలినవాళ్ళు కూర్చోని బండి ఒకటి లోకంలో ఉందని ఆయనకు అంతకుముందు తెలియదు.

తర్వాత ఆరేళ్ళకు ఆ చిరాగ్‌పల్లి చేను హైవే పనుల కింద పోయింది. అది మహాదేవమ్మకు తల్లి రాసిచ్చిన చేను, కాబట్టి నష్టపరిహారం మహాదేవమ్మ పేరునే వచ్చింది. ఇంటి మీద స్లాబు పడింది, కొడుకు గిరీశ్ సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడు, ఇంకొంత బ్యాంకులో దాచారు. చివరికి ఒక కారుకు సరిపడా మిగిలింది. కారు కొనాలన్నది గిరీశ్ మాట. ఏ కారో కూడా గిరీశే తేల్చాడు, తెల్ల హ్యాచ్‌బ్యాక్. దాని బొమ్మల పుస్తకం తెచ్చి ఇంట్లో టీవీ మీద పెట్టాడు.

అప్పుడు బస్వరాజన్న తన కోరిక బయటపెట్టాడు. హైదరాబాద్‌లో పాత కార్ల దుకాణంలో అలాంటిదే ఒకటుందని, అడ్డాలో సృజన్ అనే కుర్ర డ్రైవరు ఫోనులో చూపించాడని, ఇంచుమించు అదే ధర అని. గిరీశ్ మొదట తమాషా అనుకున్నాడు. తర్వాత తల పట్టుకున్నాడు. నాలుగు రోజుల్లో మా గల్లీకంతా తెలిసిపోయింది.

ఇంత మంది ఒక మనిషి మేలు కోరడం నేను ఎన్నడూ చూడలేదు. రేసు కారులో ఏముంది, పెట్రోలు తాగుతుంది, స్పేర్లు దొరకవు, మన రోడ్ల మీద కడుపు గీసుకుపోతుంది అన్నారు. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ మాట ముందుకు పోయేకొద్దీ అసలు సంగతి బయటపడింది. రాని హ్యాచ్‌బ్యాక్‌లో అప్పటికే అందరూ ఎక్కి కూర్చున్నారు. కిరాణా దుకాణం అమర్నాథ్ సేటు తన తల్లిని కళ్ళ ఆపరేషన్‌కు బీదర్ తీసుకుపోవాలని లెక్క వేసుకున్నాడు. గిరీశ్ భార్య భవాని వాళ్ళమ్మను ప్రతి అమావాస్యకు గుడికి తిప్పాలి. ఎదురింటివాళ్ళ అమ్మాయి పెళ్ళికి అదే పెళ్ళికూతురు బండి. అందరూ చివరికి ఒకే మాట దగ్గర ఆగేవారు, ఉపయోగం. ఉపయోగపడే బండి కొనవయ్యా అని. ఉపయోగం అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఇరవై ఎనిమిదేళ్ళు ఊరికి ఉపయోగపడినవాడికి ఊరు ఇచ్చే బహుమానం, ఇంకో ఐదు సీట్ల ఉపయోగం.

వీటన్నింటికీ తోడు మహాదేవమ్మ మోకాళ్ళ నొప్పులు. అంత కిందికి ఉండే కారులో ఆమె ఎక్కనూ లేదు, దిగనూ లేదు అని గిరీశ్ వాదన. ఆ మోకాళ్ళ గురించి గల్లీలో అందరూ మాట్లాడారు, మోకాళ్ళు ఉన్న మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు.

బస్వరాజన్న గొడవపడే రకం కాదు. నెల రోజులు మొండిగా ఉండి, మెల్లగా మెత్తబడ్డాడు. ఒక పొద్దున ఆటోలో నాతో, పోనీలే మేడం, అందరికీ పనికొస్తదిగా అన్నాడు. ఆ రోజు ఆయన చెవుల వెనక చూస్తూ నాకు ఏడుపొచ్చినంత పనైంది. అన్నా, నీకేం కావాలో నువ్వు కొనుక్కో అని గట్టిగా అన్నాను. పక్కనున్నవాళ్ళు నన్ను వింతగా చూశారు. ఆయన నవ్వి, ఎవరో చెయ్యి ఎత్తితే బ్రేకు వేసి, జర జరుగున్రి అన్నాడు.

షోరూముకు పోయిన ఆదివారం నన్ను కూడా రమ్మన్నారు. కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి, టీచరమ్మ చదివి చెబుతుందని. గిరీశ్, భవాని, భవాని వాళ్ళమ్మ, బస్వరాజన్న, మహాదేవమ్మ, నేను. కారు నిజంగా బాగుంది. కుర్ర సేల్స్‌మన్ తలుపులన్నీ తెరిచి, వెనక సీటు మడిచి, డిక్కీ చూపించి, హాయిగా ఐదుగురు సార్ అన్నాడు. బస్వరాజన్న డ్రైవరు సీటులో కూర్చున్నాడు. కూర్చోవడం కూడా ఎలా? కుడి తలుపుకు ఒరిగి, ఎడమ పిర్ర మీద. పక్కన గేరు ఉందే గానీ మనుషులెవరూ లేరు, అయినా వాళ్ళకు చోటు వదిలి కూర్చున్నాడు. కాసేపు వెనక్కి తిరిగి సీటు చూశాడు, డిక్కీ వైపు చూశాడు. ఆ పెదవులు కదలడం నాకు తెలుసు. రోజూ ఎక్కినవాళ్ళను అలాగే లెక్కపెట్టుకుంటాడు.

కిందికి దిగి నా పక్కకు వచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు.

"తొమ్మిది మంది పడ్తరు మేడం. నేనే ఎక్కిస్త. ఎవరో చెయ్యి ఎత్తుతరు, నా కాలు ఆగదు. మల్ల గదే బతుకు."

అప్పుడు నాకర్థమైంది ఆయనకు ఆ చిన్న కారు ఎందుకో. ఊరి మీద కోపంతో కాదు. చోటు ఉంటే తాను ఇవ్వకుండా ఉండలేడు. చోటే లేని బండి ఒకటి కావాలి, తన చేతులు తాను కట్టేసుకోవడానికి. అంత మాట ఆయన గిరీశ్‌తో చెప్పలేడు. చెప్పినా వాడికి పిచ్చిమాటలా వినిపించేది.

గిరీశ్ బుకింగ్ ఫారం టేబుల్ మీద పరిచాడు. బ్యాంకు ఖాతా మహాదేవమ్మది, సంతకం మహాదేవమ్మది కావాలి. అంతవరకు ఆమె ఒక కుర్చీలో, భవాని వాళ్ళమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెన్ను అందుకుంది. నేను ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించాను. ఆమె పెట్టలేదు. తల ఎత్తి కొడుకును అడిగింది.

"ఇందుల నేనేడ కూసుంట?"

గిరీశ్ ఓపికగానే చెప్పాడు. తాను నడుపుతాడు, నాయిన ముందర. వెనక కిటికీ దగ్గర అత్తమ్మ, ఆమెకు గాలి ఆడకపోతే వాంతి అవుతుంది. ఇంకో కిటికీ దగ్గర భవాని.

"నేను నడిమిట్లనా?"

"నువ్వు సన్నగ ఉంటవ్ గద అమ్మా. సర్దుకుంటవ్."

వాడు మంచివాడే. తల్లిని ప్రేమగానే చూసుకుంటాడు. ఆ మాట కూడా ప్రేమగానే అన్నాడు. మహాదేవమ్మ పెన్ను మూత పెట్టింది. ఒళ్ళో ఉన్న సంచి తీసి కింద పెట్టింది. గొంతు ఏమీ పెంచలేదు, సేల్స్‌మన్ కూడా వినగలిగేంత మామూలుగా చెప్పింది.

"సర్దుకునుడు అయిపోయింది గిరీశ్. ఇరవై ఎనిమిదేండ్లు ఎక్కిన ప్రతి బండిల నుంచి దిగిన. మీ చిన్నాయిన పెండ్లికి మీ నాయిన అందర్ని తోల్కపోయిండు, నేను గిన్నెలు పట్టుకొని బస్సుల పోయిన. ఆయన పక్కకు ఒక్కనాడు కూసోలే. ఆ రెండు సీట్లదే కొందం. ఒకటి ఆయనది, ఒకటి నాది. చేను మా అమ్మది, సంతకం నాది."

గిరీశ్ మోకాళ్ళ సంగతి ఎత్తాడు. పాపం, వాడికి మిగిలిన ఆయుధం అదొక్కటే.

"నలభై ఏండ్ల సంది పీట మీద కూసొని జొన్న రొట్టెలు చేస్తున్న. గంత కిందికి కూసొని లేసుడు నాకు రాదా?"

భవాని వాళ్ళమ్మ కింద పెట్టిన తన సంచి తాను తీసుకుంది. బస్వరాజన్న భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. నేను ఫారం మడిచి సేల్స్‌మన్‌కు ఇచ్చేశాను. ఎనిమిదేళ్ళ కిందటి నా సోమవారం ఆమె గుర్తుపెట్టుకుందని, ఆ రోజు దిగిన మెట్టు, ఎండ, టెంకాయ అన్నీ ఆమె లోపల ఉన్నాయని అప్పుడు తెలిసింది. నవ్వింది కదా అని ఏమీ లేదనుకున్నాను. నన్ను నేను ఏమని తిట్టుకోవాలి?

వచ్చేటప్పుడు ఆటోలో బస్వరాజన్నను అడిగాను, ఆ రెండో సీటు ఎవరికి అనుకున్నావన్నా ఇన్నాళ్ళూ అని. మహాదేవమ్మ వెనకే ఉంది, వింటోంది.

"నిజం చెప్తున్న మేడం. అనుకోలే. ఒక్కటే సీటుంటే గదే కొంటుంటి."

మహాదేవమ్మ గట్టిగా నవ్వింది. ఆ నవ్వులో క్షమించడం ఎంత ఉందో, దెప్పడం ఎంత ఉందో నేను చెప్పలేను. ఆయన మాత్రం ఇంటికి వచ్చేదాకా మెడ వంచుకునే నడిపాడు.

కారు కొనడానికి ముందు ఆయన ఒక పని చేశాడు. ఒక వెదురు కర్రకు ఆ కారు కడుపు ఎత్తు గుర్తు పెట్టుకుని, గల్లీ నుంచి ఝరాసంగం దాకా ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆటో ఆపి కొలిచాడు. మేము పద్నాలుగు మందిమి లోపల చెమటలు కారుస్తూ కూర్చున్నాం. అన్నింటిలోకి ఎత్తైనది మా గల్లీలోదే, అమర్నాథ్ సేటు ఇంటి ముందరిది. ఇల్లు కట్టగా మిగిలిన సిమెంటుతో ఆయనే పోయించుకున్నాడు, ఎవరినీ అడగలేదు. కర్ర మీది గుర్తు అక్కడ బ్రేకర్ అంచుకు రెండు వేళ్ళు కిందే ఉండిపోయింది, అంటే కారు కడుపు తగులుతుంది.

అందుకే కారు వచ్చిన రోజు సాయంత్రం గల్లీ గల్లీ అంతా అమర్నాథ్ సేటు ఇంటి ముందరే నిలబడింది. పచ్చ కారు మెల్లగా వచ్చింది. దాని మూతి స్పీడ్ బ్రేకర్ దగ్గరకు వచ్చి ఆగింది. బస్వరాజన్న ఒకసారి కిందికి చూసి, స్టీరింగు పూర్తిగా పక్కకు తిప్పి, గోడకు తగులుతుందేమో అన్నంత దగ్గరగా పోయి, అడ్డంగా ఒక్కొక్క చక్రమే ఎక్కించి దింపాడు. కడుపు తగల్లేదు. చప్పట్లు కొట్టింది నేనొక్కదాన్నే. కొట్టినందుకు నాకేమీ సిగ్గు లేదు.

అమర్నాథ్ సేటు మనసులో మాట దాచుకునే మనిషి కాదు. రేపు తనకే గుండె నొప్పి వస్తే ఇందులో ఎక్కడ పండబెడతావని అందరి ముందర అడిగాడు. ఊరి మేలు కోరినవాడు కొనే బండేనా ఇది అన్నాడు. గల్లీ తలలు ఊపింది. నిజంగా ఎన్నోసార్లు ఆపదలో బస్వరాజన్న తలుపే కొట్టారు, ఆయనే దవాఖానకు తీసుకుపోయాడు, పైసా అడగలేదు. అదే వాళ్ళ బలం.

బస్వరాజన్న కారు దిగి ఇంట్లోకి పోయి, ఆటో తాళంచెవి తెచ్చి అమర్నాథ్ సేటు ముందర పట్టుకున్నాడు.

"ఆటో ఆడనే ఉంది సేటు. తాళం మా తలుపు పక్కకు మేకుకు ఉంటది. ఎవలకు అక్కరున్నా తీస్కపోన్రి, కిరాయి అడ్గ. ఊరి మేలు నేనొక్కన్నే ఎందుకు కోరాలె? మీరు గూడ కోరున్రి. పట్టు, రేపటి సంది నువ్వు నడుపు."

సేటు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. తాళంచెవి కాసేపు అలాగే వేలాడింది. ఆయన దాన్ని పక్కవాడికి చూపించాడు, వాడు చెప్పులు చూసుకున్నాడు. ఇంకొకడికి చూపించాడు. ఎవరూ తీసుకోలేదు.

"నడుప రాకుంటే నూట ఎనిమిదికి ఫోన్ కొట్టున్రి. ఆటో నేను రోజు నడిపెడిదే, ఎక్కున్రి. ఈ కారు మాత్రం అడ్గకున్రి. ఇందుల మూడో మనిషికి జాగ లేదు."

ఆయన అంత పొడుగు మాట మాట్లాడడం గల్లీ ఎన్నడూ వినలేదు. ఒక్కొక్కరే ఇళ్ళలోకి పోయారు. తాళంచెవి ఆ మేకుకే ఉంది ఇప్పటికీ, ఆయన తప్ప ఎవరూ తీసిన పాపాన పోలేదు. గిరీశ్ నెల రోజులు తండ్రితో మాట్లాడలేదు. కానీ ఒక ఆదివారం వాడు బకెట్టు పెట్టుకుని ఆ కారు కడుగుతుంటే నేను చూశాను. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు, తుడవడం మాత్రం ఆపలేదు.

కారు పూజకు వాళ్ళు సోమవారమే ఎంచుకున్నారు, ఝరాసంగం గుడిలోనే. ఆ రోజు బస్వరాజన్న ఆటో బయటికి తీయలేదు. ఆ సంగతి నాకు తెలుసు, అయినా ఆలస్యమైంది. రోడ్డు మీద ఒంటరిగా నిలబడి, బడి గంట గురించి తలచుకుంటూ గడియారం చూసుకుంటున్నాను. దూరంగా బండి చప్పుడు వినిపించింది. తల ఎత్తకుండానే చెయ్యి ఎత్తాను. పన్నెండేళ్ళ అలవాటు.

పచ్చ కారు నా ముందు ఆగింది. ఆయన కాలు కూడా పన్నెండేళ్ళ అలవాటు మీదే ఉంది. పైకప్పు తీసి ఉంది. బస్వరాజన్న తెల్ల చొక్కాలో, కుడి తలుపుకు ఒరిగి, సీటు అంచున కూర్చున్నాడు. పక్కన మహాదేవమ్మ, కొత్త ఇల్కల్ చీర, ఒళ్ళో సంచి, అందులో టెంకాయ, పూలు. గాలికి జుట్టంతా రేగింది. ముగ్గురం ఒకరినొకరం చూసుకున్నాం. ఎత్తిన చెయ్యి ఎలా దించాలో నాకు తెలియలేదు. బస్వరాజన్న అలవాటుగా భార్య వైపు చూశాడు. ఈ కారులో అద్దం అక్కర్లేదు, పక్కనే ఉంది.

మహాదేవమ్మ చెయ్యి తలుపు పిడి మీదికి పోయింది. సంచి కూడా సర్దుకుంది. నా కళ్ళతో చూశాను. దిగకు తల్లీ, దిగావంటే నేనింక నీ ముఖం చూడలేను అని లోపల అరిచాను. ఆమె పిడి మీది తన చేతిని తానే ఒక్క క్షణం చూసుకుంది. చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఎనక సృజన్ ఆటో వస్తుంది టీచరమ్మా. అందుల రాన్రి" అంది.

తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"నువ్వు గట్ల అంచుకు కూసున్నవేంది? నీ పక్కకు ఎవ్వలు లేరు. నిండ కూసో."

బస్వరాజన్న సీటు చూసుకున్నాడు. రెండు చేతులూ స్టీరింగు మీద ఆనించి, కొంచెం లేచి, ఎడమకు జరిగి, వీపు సీటుకు ఆనేదాకా వెనక్కి కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన భుజాలు రెండూ ఒకే ఎత్తులో ఉండగా చూడడం నాకదే మొదటిసారి. కారు కదిలింది. నేను చెయ్యి దించలేదు, అటూ ఇటూ ఊపాను. రోడ్డు మీద వదిలేసి పోతే నాకింత సంతోషం కలగడం ఎన్నడూ లేదు.

కాసేపటికి సృజన్ ఆటో వచ్చింది. నేను ఎక్కేసరికి పద్నాలుగు మంది ఉన్నారు. సృజన్ కుడి అంచున ఒక పిర్ర మీద కూర్చుని, జరగండి అనబోయాడు. మూలన ఒకామె ఒళ్ళో సంచితో దిగడానికి లేస్తోంది. సృజన్ భార్య.

నువ్వు కూర్చో అమ్మా అని ఆమె భుజం పట్టుకుని కూర్చోబెట్టి, నేనే దిగిపోయాను. ఆ రోజు బడికి గంటన్నర ఆలస్యంగా పోయాను.